ఎలుకలు కొరికిన ఫిష్ ఫైండర్ వైరింగ్: సెల్ఫ్ కొట్టగానే తెర ఆరిపోతోంది, సలహా కావాలి

కృష్ణాతీరం_పెద్దవూర
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. నాది 18 అడుగుల ఫైబర్ బోటు, పెద్దవూర వైపు నుంచి సాగర్ నీళ్లలోకి దిగుతాను. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న 15 హెచ్‌పీ మోటరు, 12 వోల్టుల 35 ఏహెచ్ బ్యాటరీ, రెండేళ్ల కింద కొన్న చిన్న ఫిష్ ఫైండర్ (నీళ్ల లోతు, అడుగున ఏముందో తెర మీద చూపించే డబ్బా) ఉన్నాయి. ఎండాకాలం నీళ్లు బాగా దిగిపోయాయని బోటును ఒడ్డుకు లాగి బోర్లించి తాటాకులు కప్పి రెండు నెలలు వదిలేశాను. మొన్న ఎత్తి చూస్తే సీటు కింద ఎలుకలు గూడు పెట్టాయి, అక్కడి నుంచి పోయే వైర్లు మూడు నాలుగు చోట్ల కొరికేశాయి. తెగిన వాటిని నేనే మెలేసి నల్ల టేప్ చుట్టాను.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, డబ్బా ఆన్ అవుతుంది, బాగానే ఉన్నట్టు కనపడుతుంది, కానీ మోటరు సెల్ఫ్ కొట్టగానే తెర ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అలలకు బోటు ఊగినా ఒక్కోసారి అదే పని. లోతు 20 అడుగుల దాకా సరిగానే చూపిస్తుంది, అది దాటితే అంకె మిణుకుమిణుకుమని తర్వాత గీతలు వస్తాయి. మా బామ్మర్ది డబ్బా పోయింది, కొత్తది కొనుక్కో అంటున్నాడు. కొత్తదంటే ఇరవై వేల మాట. నేను దాన్ని చేపలు చూడటానికి కంటే అడుగున మోడులు ఉన్నాయా లేవా చూసుకుని వల వేయడానికే ఎక్కువ వాడతాను, పోయిన ఏడాది అది లేని రోజుల్లో రెండు వలలు మోడులకు చిక్కి చీలికలైపోయాయి. కొనే ముందు ఇంకేమైనా చూడొచ్చా చెప్పండి.


హాలియా_ఆటో_ఎలక్ట్రికల్
ఆదివారం, రాత్రి 9:48

తమ్మీ, కొత్తది కొనకు. డబ్బా పోతే సెల్ఫ్ కొట్టినప్పుడే ఆరిపోయి మళ్లీ దానంతట అదే లేచి కూర్చోదు. సెల్ఫ్ మోటరు తిరిగే ఆ రెండు సెకన్లు బ్యాటరీ వోల్టేజి పది, పదిన్నరకు పడిపోవడం మామూలే, వైరింగ్ బాగుంటే డబ్బా ఆ దెబ్బ తట్టుకుంటుంది. మధ్యలో నీ మెలేసిన జాయింట్లు ఇంకో వోల్టు తినేస్తే డబ్బాకు చేరేది తొమ్మిది దగ్గర, అప్పుడు ఆరిపోతుంది. నా దగ్గరికి వచ్చే ట్రాక్టర్లలో, ఆటోల్లో సగానికి సగం ఇదే రోగం.

రేపు పొద్దున ఏమీ కోయకుండా, ఏమీ విప్పకుండా ముందు ఈ పరీక్ష చెయ్. మల్టీమీటర్‌తో బ్యాటరీ మీద ఎంత ఉందో రాసుకో. తర్వాత డబ్బా వెనక ప్లగ్గు పీకి, ఆ వైరు చివర ఎంత వస్తుందో చూడు. అది 12.5 చూపిస్తుంది, చూపించినా నమ్మకు, లోడ్ లేకుండా కొలిస్తే ఒక్క పోగు మీద వేలాడే తీగ కూడా నిండు వోల్టేజి చూపిస్తుంది. కాబట్టి ఆ చివర కారు ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, దానికి రెండు తీగలు కట్టి వెలిగించి, అది వెలుగుతుండగా కొలువు. బ్యాటరీ మీద ఉన్నదానికీ బల్బు దగ్గర ఉన్నదానికీ తేడా అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ మంచిది, రెండు వోల్టులు ఉంటే నీ డబ్బు మిగిలినట్టే.

ఇంకోటి, బోటులో నీకు రెండు వేర్వేరు కేబుళ్లు ఉంటాయి. ఒకటి కరెంటుది, ఎరుపు నలుపు. రెండోది వెనక నీళ్లలో ఉండి శబ్దంతో లోతు పసిగట్టే ట్రాన్స్‌డ్యూసర్ నుంచి వచ్చేది. మొదటిది నాలాంటి వాడు ఎవడైనా చేస్తాడు. రెండోది తెగిందా లేదా చూసి చెప్పు, దాని మీద మాత్రం కత్తెర పెట్టకు.


వాలుగ_వేట (దేవరకొండ)
సోమవారం, ఉదయం 6:20

ఇంత అవసరం లేదన్నా. డిండిలో మా బోటుకు ఇట్లనే తెగితే మెలేసి, దాని మీద ఎం-సీల్ ముద్ద పెట్టి, మీద సిలికాన్ పూసేశాం. నీళ్లు పోయే సందే ఉండదు.


హాలియా_ఆటో_ఎలక్ట్రికల్
సోమవారం, ఉదయం 7:05

ఎన్నాళ్లయింది చేసి? ఆరు నెలల తర్వాత ఒకసారి విప్పి చూడు తమ్ముడూ, గట్టిగా చెప్తున్నాను. తీగ తెగినప్పుడు నీళ్లు తెగిన చోటే ఆగవు, దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగుల మధ్య నుంచి లోపలికి పాకుతాయి. పైన ఎంత ముద్ద పెట్టినా ఆ తడి లోపలే బందీ అయిపోతుంది. బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ తగిలే ఉంటుంది కాబట్టి తడిలో రాగి కరిగి పచ్చ కిలుము అవుతుంది, అందుకే ఎరుపు తీగ ముందు పోతుంది, నలుపు తర్వాత పోతుంది. ఇక సిలికాన్ సంగతి, పూసేటప్పుడు వెనిగర్ వాసన ముక్కుకు కొట్టే రకం అద్దాలకు, బాత్రూమ్ మూలలకు వాడేది, ఆ ఆమ్లం రాగిని తింటుంది. కరెంటు జాయింట్ల మీద అది వద్దే వద్దు.


సోమశిల_రేవు
సోమవారం, మధ్యాహ్నం 1:30

హాలియా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాది కొల్లాపూర్ దగ్గర సోమశిల, శ్రీశైలం వెనక నీళ్లు. నాకు ఇట్లనే తెర ఆరిపోతుంటే ముందు బ్యాటరీ మార్చాను, తర్వాత స్విచ్ మార్చాను, ఆఖరికి దొరికింది బ్యాటరీ మీది లగ్గు, అంటే వైరు బిగించే కొస కింద తెల్ల బూజు. గీకి మళ్లీ బిగిస్తే పోయింది. బ్యాటరీ మార్చిన డబ్బు ఊరికే పోయింది.

కానీ తమ్ముడు చెప్పిన రెండో లక్షణం, 20 అడుగులు దాటితే లోతు పోవడం, అది కరెంటు వైరు సంగతి కాకపోవచ్చు. నాది ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ సీటు బోల్టు కింద నలిగినప్పుడు సరిగ్గా ఇట్లనే, ఒడ్డు దగ్గర మంచిగా చూపించేది, నది మధ్యకు పోతే గీతలు. సంగమేశ్వరం గుడి నీళ్లలో మునిగి ఉన్న రోజుల్లో దాని మీదుగా పోతే మామూలుగా తెర మీద అడుగు గీత ఒక్కసారి గోడలా లేచి మళ్లీ దిగుతుంది, మేము దాన్ని చూసి దారి గుర్తు పెట్టుకుంటాం. కేబుల్ నలిగినన్నాళ్లు ఆ గోడ కనపడనే లేదు, తెర అంతా బూడిద చల్లినట్టు ఉండేది. సీటు కింద ఇంకా బాగా వెతుకు.


కృష్ణాతీరం_పెద్దవూర
సోమవారం, రాత్రి 8:15

పరీక్ష చేశానన్నా. బ్యాటరీ మీద 12.6. ప్లగ్గు దగ్గర ఖాళీగా 12.5. బల్బు వెలిగించాక బ్యాటరీ మీద 12.4, ప్లగ్గు దగ్గర 9.8. బల్బు కూడా పసుపుగా, మబ్బుగా వెలిగింది. నా చేత్తో జాయింట్ పట్టుకుని కొంచెం వంచితే 11 దాకా పోయి మళ్లీ పడిపోయింది. అంతా నా ముందరే జరిగింది, చూస్తుంటే నాకే గుండె దడదడలాడింది, ఎందుకంటే ఈ జాయింట్ పెట్రోలు ట్యాంకుకు మూరెడు దూరంలో ఉంది.

ఇంకో సంగతి, టేప్ విప్పుతూ పోతే బ్యాటరీ దగ్గర ఫ్యూజు డబ్బా కనపడింది. లోపల గాజు ఫ్యూజు మీద సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం చుట్టి ఉంది. రెండేళ్ల కింద బిగించిన మనిషి చేసిన పని. నేను ఇన్నాళ్లూ ఫ్యూజు ఉందనే ధైర్యంతో తిరిగాను.

సోమశిల అన్నా, మీరు చెప్పాక వెతికితే ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ కూడా రెండు చోట్ల కొరికి ఉంది. ఒక చోట పైతొడుగే పోయింది, లోపల జల్లెడలాగా అల్లిన వెండి రంగు తీగలు కనపడుతున్నాయి. రెండో చోట ఆ అల్లిక కూడా తెగి లోపలి సన్న తీగల్లో ఒకటి బయటికి వచ్చింది.


హాలియా_ఆటో_ఎలక్ట్రికల్
సోమవారం, రాత్రి 9:00

ముందు ఆ వెండి కాగితం తీసి అవతల పారెయ్. అసలు ఫ్యూజు వేసేదాకా బ్యాటరీకి ఆ వైరు తగిలించకు. ఎలుక కొరికిన ఎరుపు, నలుపు ఒకదానికొకటి తగిలి ఉంటే ఆ కాగితం కాలేది కాదు, తీగ ఎర్రగా కాలి తొడుగు అంటుకునేది, పక్కన పెట్రోలు. 35 ఏహెచ్ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంప్స్ వదులుతుంది, చిన్నదని తేలిగ్గా తీసుకోకు.

ఇప్పుడు కరెంటు వైపు చేసే పని చెప్తాను, ఓపికగా చదువు.

పాత వైరు జాయింట్లు పెట్టి బతికించకు. బ్యాటరీ నుంచి డబ్బా దాకా కొత్త వైరు వెయ్, 1.5 చదరపు మిల్లీమీటర్లది, సన్న పోగులది. ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి పోగు తీగ వద్దు, మోటరు అదురుకు విరుగుతుంది. కళాయి పూసిన రాగి దొరికితే అదే తీసుకో, పోగులు వెండి రంగులో ఉంటాయి, కిలుము తొందరగా పట్టదు. మన నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ పోయినప్పుడు రాణిగంజ్‌లో అడుగు. డబ్బాతో వచ్చిన ప్లగ్గు వైరు ఒక అడుగు మిగిల్చి అక్కడ ఒక్కటే జాయింట్ పెట్టు. ఆ మిగిలిన అడుగు తొడుగు ఒలిచి చూడు, రాగి నల్లగా ఉంటే ఇంకో అంగుళం కొయ్, ఎర్రగా మెరిసేదాకా వెనక్కి పో. నల్లబడిన రాగి మీద సోల్డర్ అంటదు, ముత్యంలా ఉండలు కట్టి జారిపోతుంది, అట్లా జారితే ఇంకా కొయ్యాలని అర్థం.

మెలేసే ముందే హీట్ ష్రింక్ ట్యూబు తీగకు తొడిగి దూరంగా జరిపి పెట్టు. లోపల జిగురు ఉండే రకం అడుగు, మామూలుది నీళ్లు ఆపదు. ఎరుపు జాయింట్, నలుపు జాయింట్ ఒకే చోట ఎదురెదురుగా రాకుండా రెండు అంగుళాలు అటు ఇటుగా పెట్టు. సోల్డర్ పేస్ట్ రేకుల పనికి వాడే యాసిడ్ రకం కాకూడదు, రేడియో వాళ్లు వాడేది తీసుకో. వేడి చేస్తే ట్యూబు ముడుచుకుని రెండు చివర్ల నుంచి జిగురు చిన్న తేనె బొట్టులా బయటికి రావాలి. రాకపోతే ఇంకా వేడి తగలాలి. సోల్డర్ ఆగిన చోట తీగ గట్టిబడి అక్కడే విరుగుతుంది కాబట్టి జాయింట్‌కు అటు ఇటు రెండు పక్కలా క్లిప్పు కొట్టు, ఊగకూడదు.

ఫ్యూజు ప్లస్ వైపు, బ్యాటరీకి జానెడు దూరం లోపు. 3 ఆంప్స్. మీ డబ్బా పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వెయ్. మోటరు స్విచ్‌ల వైర్లలోంచి కరెంటు తీయకు, నేరుగా బ్యాటరీ నుంచి తీసుకో. ప్లగ్గు వైరులో ఎరుపు నలుపు కాకుండా ఇంకా సన్న తీగలు నీలం, గోధుమ రంగువి ఉంటే అవి వేరే పరికరాలకు డేటా పంపడానికి, నీకు అక్కర్లేదు, విడివిడిగా మూతి కట్టి వదిలెయ్, అన్నీ కలిపి మెలేయకు.

ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ మాత్రం నా పని కాదు. రేడియో సార్ ఎవరైనా ఉంటే చెప్పాలి.


పాలమూరు_రేడియో
మంగళవారం, ఉదయం 10:25

మహబూబ్‌నగర్‌లో నలభై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేశాను. పోయిన ఏడాది కోయిల్‌సాగర్ వాళ్లది ఒక ఫిష్ ఫైండర్ కేబుల్ చేశాను కాబట్టి చెప్పగలను.

బాబూ, ముందు అది ఏం చేస్తుందో తెలిస్తే ఎందుకు జాగ్రత్తో అర్థమవుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ లోపల ఒక పింగాణీ బిళ్ల ఉంటుంది. డబ్బా దానికి కరెంటు పల్స్ కొడితే అది అదిరి నీళ్లలోకి శబ్దం పంపుతుంది, మన చెవికి వినపడనంత సన్నని శబ్దం, మామూలుగా సెకనుకు రెండు లక్షల కంపనాలు. మంచినీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1480 మీటర్లు పోతుంది. వంద అడుగుల లోతు ఉంటే అడుగుకు పోయి తిరిగి రావడానికి సెకనులో 25వ వంతు పడుతుంది. ఆ తిరిగి వచ్చే శబ్దం అదే బిళ్లను అదిరిస్తే పుట్టే కరెంటు అతి స్వల్పం. లోతు పెరిగేకొద్దీ ఇంకా స్వల్పం. దానికి బయటి గోల అంటకుండా కాపలా కాసేదే ఆ అల్లిన తీగల తొడుగు. మీకు తొడుగు తెగింది కాబట్టి 20 అడుగుల నుంచి వచ్చే గట్టి ప్రతిధ్వని అందుతోంది, లోతు నుంచి వచ్చేది గోలలో కలిసిపోతోంది. తడి కూడా దూరి ఉంటుంది.

తయారు చేసిన వాళ్లు ఈ కేబుల్ కోయొద్దు, అతకొద్దు అనే చెప్తారు, అది మంచి మాటే. కొత్త ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌తో సహా విడిగా దొరుకుతుంది, స్తోమత ఉంటే అదే తెప్పించండి. కానీ ఎలుక ఎలాగూ కోసేసింది. అతికి చూస్తే పోయేదేమీ లేదు.

మొదట బిళ్ల బతికి ఉందా చూడండి. డబ్బా ఆన్ చేసి ట్రాన్స్‌డ్యూసర్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే చాలా రకాల్లో టిక్ టిక్ టిక్ అని గడియారంలా వినపడుతుంది. వినపడితే ప్రాణం ఉంది. నీళ్ల బయట ఎక్కువసేపు అలా నడపకండి. తర్వాత డబ్బా ఆపి, ప్లగ్గు పీకండి, ఆ కేబుల్‌లో పల్స్ వెళ్లేటప్పుడు వోల్టేజి బ్యాటరీ కంటే చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆన్‌లో ఉండగా తీగ ముట్టుకోవద్దు. మల్టీమీటర్‌తో బిళ్లకు పోయే తీగకూ అల్లికకూ మధ్య ఓమ్స్ చూస్తే అసలు కలవకూడదు, ఎందుకంటే ఆ బిళ్ల కెపాసిటర్ లాంటిది, నేరు కరెంటు దానిలోంచి పోదు. కలిస్తే కేబుల్‌లో ఎక్కడో షార్ట్. నీళ్ల ఉష్ణోగ్రత చూపించే రకమైతే దానికి వేరే తీగ ఉంటుంది, తెర మీద ఉష్ణోగ్రత తిక్కతిక్కగా ఉంటే ఆ తీగ తెగినట్టు.

అతకడం ఇలా. రెండు కాట్లు దగ్గర దగ్గరగా ఉంటే మధ్య ముక్క తీసేసి ఒకే అతుకు వేయండి, కేబుల్ నిడివి సరిపోతుందా ముందే చూసుకోండి. ఏ రంగుకు ఆ రంగు. ప్రతి తీగకూ దాని సొంత సన్న ట్యూబు, అతుకులు మెట్లు మెట్లుగా అంగుళం అంగుళం జరిపి. లోపల ఏ తీగకైనా విడిగా అల్లిక ఉంటే దాన్ని దానికే కలపాలి, అన్ని అల్లికలూ కలిపి ఒక ముద్ద చేయకూడదు. ఆఖర్న పై అల్లికను విప్పి అతుకు మీదుగా మళ్లీ పరిచి, సరిపోకపోతే పాత టీవీ కేబుల్ ముక్క నుంచి అల్లిక తీసి తొడిగి రెండు చివర్లా సోల్డర్ పెట్టండి. కాపలా ఎక్కడా తెగకూడదు, అసలు విషయం అంతే. దాని మీద జిగురు ట్యూబు ఒకటి, దాని మీద ఇంకాస్త పొడుగు ట్యూబు ఇంకొకటి. అతుకు బోటు అడుగున నీళ్లు నిలిచే చోట కాకుండా పక్క గోడకు ఎత్తుగా రావాలి.

నల్లగొండలో సన్న ట్యూబులు, మంచి సోల్డర్ దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఉంటాయి.


సోమశిల_రేవు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

సార్ చెప్పినదానికి నేను ఎదురు చెప్పను కానీ నా అనుభవం ఒకటి. నేను అతికించాను, అతికించిన వాడు అల్లికను పట్టించుకోకుండా లోపలి తీగలే కలిపాడు. 30 అడుగుల్లో మంచిగా, వందలో సున్నా. ఆఖరికి కొత్త ట్రాన్స్‌డ్యూసరే కొన్నాను. అందుకే నా ఓటు కొత్తదానికి.


పాలమూరు_రేడియో
మంగళవారం, మధ్యాహ్నం 2:40

మీరు చెప్పింది నేను చెప్పినదానికి ఎదురు కాదు, సాక్ష్యం. అల్లిక కలపని అతుకు అతుకే కాదు.


భీమిలి_జాలరి
మంగళవారం, రాత్రి 7:55

మాది భీమిలి దగ్గరండి, పదిహేనేళ్లుగా నాగార్జున సాగర్ ఒడ్డునే ఉంటున్నాం. సముద్రం మీద ఈ డబ్బాలతోనే బతికాను కాబట్టి రెండు ముక్కలు చెప్తాను.

వైరు బాగుచేయడం ఒక ఎత్తు, దాన్ని ఎటు తీసుకెళ్తామన్నది ఇంకో ఎత్తు. మోటరు వైర్లు బోటుకు కుడి పక్కన పోతుంటే ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ ఎడమ పక్కన పోవాలి. రెంటినీ ఒకే కట్ట కట్టారా, మోటరు నడిచినంతసేపు తెర మీద వాన కురుస్తుంది. దాటక తప్పని చోట అడ్డంగా దాటాలి, పక్కపక్కన నడవకూడదు. మిగిలిన కేబుల్‌ని చుట్టలు చుట్టి మోటరు కింద కుక్కొద్దు.

మీది ఫైబర్ బోటు కాబట్టి ఇంకో మార్గం ఉంది. ట్రాన్స్‌డ్యూసర్‌ని బయట వేలాడదీయకుండా లోపలే, అడుగు పలకకు ఎపాక్సీతో అతికించొచ్చు, శబ్దం ఫైబర్‌లోంచి పోతుంది. కొంచెం బలం తగ్గుతుంది, ఉష్ణోగ్రత సరిగా చూపించదు, కానీ వలకు తగలదు, నాచు పట్టదు, మోడుకు కొట్టుకోదు. ఎపాక్సీలో ఒక్క గాలి బుడగ ఉన్నా పనిచేయదు, గాలిని శబ్దం దాటదు. పలక రెండు పొరల మధ్య థర్మాకోల్ లాంటి నురుగు ఉన్న చోట కూడా పనికిరాదు. ముందు ఒక పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి, పలక మీద పెట్టి, అందులో ట్రాన్స్‌డ్యూసర్ ముంచి చూడండి, అక్కడ లోతు చూపిస్తేనే అతికించండి. చెక్క బోటుకు మాత్రం ఇది కుదరదు.

ఎలుకల సంగతి. బోటు ఒడ్డుకెక్కితే మేము డబ్బా, బ్యాటరీ, ఊడి వచ్చే వైర్లు అన్నీ ఇంటికి తెచ్చేస్తాం. ఉండిపోయేవి మెలికల ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి రెండు మూతులూ మూసేస్తాం. వల మీది చేప వాసన వైరుకు అంటితే ఎలుక వదలదు, కడిగి తుడవాలి.


కృష్ణాతీరం_పెద్దవూర
శనివారం, రాత్రి 8:30

నాలుగు రోజులు పని పెట్టుకున్నాను, ఇవాళ్టికి అయింది. వరసగా చెప్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

కరెంటు వైపు హాలియా అన్న చెప్పినట్టే చేశాను. డబ్బా వైపు మిగిల్చిన వైరు ఒలిస్తే మొదటి అంగుళం మసిబొగ్గులా ఉంది. రెండోది అంతే. ఐదు అంగుళాలు కోసేదాకా ఎర్ర రాగి కనపడలేదు, కొరికింది ఒక చోటైతే చెడింది ఇంత దూరమా అని ఆశ్చర్యపోయాను. పాత నల్ల టేప్ లోపలి జిగురు వేలికి అంటి సాగింది, దాని కింద పచ్చ పొడి. కొత్త వైరు, కొత్త ఫ్యూజు డబ్బా, 3 ఆంప్స్ ఫ్యూజు, లగ్గులు గీకి బిగించడం అన్నీ అయ్యాక మళ్లీ అదే బల్బు పెట్టి కొలిచాను. బ్యాటరీ మీద 12.4, చివర 12.2. బల్బు తెల్లగా వెలిగింది. సెల్ఫ్ పది సార్లు కొట్టాను, తెర కదల్లేదు.

ట్రాన్స్‌డ్యూసర్ చెవి దగ్గర పెడితే టిక్ టిక్ వినపడింది. అతుకు నేను వేయలేదు, నల్లగొండలో ప్రకాశం బజార్ పక్క ఒక టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి రేడియో సార్ రాసింది ఫోన్‌లో చూపించాను. ఆయన చదివి, తల ఊపి, అట్లనే చేశాడు, అల్లిక కూడా పాత కేబుల్ నుంచి తీసి తొడిగాడు. మూడు గంటలు పట్టింది, వేలుకు సన్న సూదులాంటి తీగ గుచ్చుకున్నా ఆపలేదు.

నీళ్లలోకి దిగితే లోతు వచ్చింది. కానీ మోటరు వేగం పెంచితే తెర మీద అడ్డంగా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, ఆపితే పోతున్నాయి. భీమిలి అన్న చెప్పిన వాన ఇదేనా?


భీమిలి_జాలరి
శనివారం, రాత్రి 9:05

అదే వాన. కేబుల్ ఎటు తీసుకెళ్లారు?


కృష్ణాతీరం_పెద్దవూర
శనివారం, రాత్రి 9:12

పాత దారిలోనే అన్నా, మోటరు వైర్ల పక్కనే. పాత క్లిప్పులు ఉన్నాయని.


భీమిలి_జాలరి
శనివారం, రాత్రి 9:20

పక్క మార్చండి. రెంటి మధ్య కనీసం అడుగు దూరం ఉండాలి. అప్పటికీ పోకపోతే మోటరు స్పార్క్ ప్లగ్గు మీది నంబరు చూడండి, రెసిస్టర్ ఉన్న ప్లగ్గు వాడమని మోటరు పుస్తకంలో ఉంటే అదే వాడాలి, మామూలుది వేస్తే నిప్పురవ్వ గోల డబ్బాకు అంటుతుంది. ఇంకోటి చూడండి, మోటరు ఆపి పల్లానికి కొట్టుకుపోతున్నప్పుడు చుక్కలు లేకపోతే కరెంటు గోలే. మోటరు ఆపినా బోటు వేగంగా జారుతున్నంతసేపు చుక్కలు ఉంటే అది ట్రాన్స్‌డ్యూసర్ కింద బుడగలు, దాన్ని అర అంగుళం దించాలి.


కృష్ణాతీరం_పెద్దవూర
ఆదివారం, రాత్రి 7:40

పోయాయి అన్నా! క్లిప్పులన్నీ పీకి ఎడమ పక్కకు మార్చాను, మోటరు దగ్గర మాత్రం రెండు జానల దూరంలో దాటుతుంది. ప్లగ్గు ముట్టుకోలేదు, అవసరం పడలేదు.

లోతు నిజమా కాదా అని తాడుకు రాయి కట్టి వదిలి చూశాను. తాడు పది బారలు దిగి కొంచెం సడలింది, అంటే 60 అడుగుల చిల్లర. తెర మీద 62. ఇంకో చోట తెర 62కే కాక 124 దగ్గర కూడా మసకగా రెండో గీత చూపించింది, అది ఏమిటో తెలియలేదు.

ఇవాళ వల వేసే ముందు ఒకటికి రెండు సార్లు తిరిగి చూశాను. ఒక చోట అడుగు మీద నిలువుగా పుల్లలు గుచ్చినట్టు కనపడ్డాయి, ఆ మోడులే. అక్కడ వేయకుండా వంద గజాలు జరిగి వేశాను. వల చెక్కుచెదరకుండా వచ్చింది, రెండు బొచ్చెలు, ఒక పెద్ద రవ్వ.


పాలమూరు_రేడియో
ఆదివారం, రాత్రి 8:15

62కు రెట్టింపు 124. శబ్దం అడుగు తాకి పైకి వచ్చి, నీళ్ల పైభాగానికి తగిలి మళ్లీ కిందికి పోయి రెండోసారి వచ్చింది. అడుగు గట్టిగా, రాతిగా ఉంటే అలా కనపడుతుంది, బురద అయితే కనపడదు. సెన్సిటివిటీ కొంచెం తగ్గిస్తే పోతుంది. కానీ బాబూ, అది కనపడిందంటే మీ అతుకు నూట ఇరవై అడుగుల లోతుకు సరిపడా బలంగా ఉందని. ఆ మెకానిక్‌కు నా నమస్కారం చెప్పండి.


హాలియా_ఆటో_ఎలక్ట్రికల్
ఆదివారం, రాత్రి 8:40

చాలా సంతోషం తమ్మీ. నెల రోజుల తర్వాత ఆ బల్బు పెట్టి ఇంకోసారి కొలిచి అంకె ఇక్కడ పెట్టు. విడి ఫ్యూజులు నాలుగు సీసాలో వేసి బోటులో ఉంచుకో, లేకపోతే నీళ్ల మధ్యలో మళ్లీ వెండి కాగితమే గుర్తొస్తుంది.


వాలుగ_వేట (దేవరకొండ)
ఆదివారం, రాత్రి 9:25

హాలియా అన్నా, మీరు చెప్పారని ఇవాళ మా ఎం-సీల్ ముద్ద పగలగొట్టి చూశాం. ఎనిమిది నెలలైంది. లోపల ఎరుపు తీగ మొత్తం పచ్చ పొడి, రెండు పోగులు మిగిలాయి. రేపు వైరు కొంటాను. 1.5 చదరపు మిల్లీమీటర్లదే కదా?


హాలియా_ఆటో_ఎలక్ట్రికల్
ఆదివారం, రాత్రి 9:31

అదే. సన్న పోగులది అని అడుగు.


పానగల్_పుట్టి
సోమవారం, ఉదయం 6:45

నాకు ఒక ప్రశ్న. నేను ఉదయసముద్రం చెరువులో పుట్టి మీద తిరుగుతాను, మోటరు లేదు. ఇలాంటి చిన్న డబ్బా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీతో నడుస్తుందా? ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ కట్టాలి?


భీమిలి_జాలరి
సోమవారం, ఉదయం 8:10

నడుస్తుందండి. చిన్న డబ్బా 0.3 ఆంపు తీసుకుందనుకుంటే లెక్క ప్రకారం ఇరవై గంటలు దాటాలి, కానీ ఆ రకం బ్యాటరీని సగం కంటే ఎక్కువ పిండితే తొందరగా పోతుంది, కాబట్టి పది గంటలనుకోండి. దానికీ ఫ్యూజు కావాలి. ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక వెదురు కర్ర చివర కట్టి, పుట్టి అంచుకు తాడుతో బిగించి, నీళ్లలో జానెడు మునిగేలా నిలువుగా ఉంచండి. పక్కకు వంగితే లోతు ఎక్కువ చూపిస్తుంది. ఒడ్డుకు వచ్చే ముందు కర్ర పైకి తీయడం మర్చిపోవద్దు, అడుగు రాయికి కొట్టుకుంటే బిళ్ల పగులుతుంది.


పానగల్_పుట్టి
సోమవారం, ఉదయం 8:22

సరే అన్నా, కర్ర ఉంది. బ్యాటరీని తడవకుండా మూత డబ్బాలో పెడతాను. ఆదివారం నీళ్లలోకి దిగి ఎట్లా ఉందో రాస్తాను.